మోగని అలారం

కృపామణి రోజూ చంద్రగిరి నుంచి బస్సులో తిరుపతికి వచ్చి పనిచేసేది. ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఆమె పని ఒక్కటే: ఇంకొకరు రాసి వదిలేసిన ప్రోగ్రాములు బాగుచేయడం.

శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీకి అమ్మిన ప్రోగ్రాము మూడు రోజులకోసారి బిగుసుకుపోయేది. రంగు ఆరబెట్టే ఓవెన్ల వేడిని చూపించే ప్రోగ్రాము అది. తప్పు కృపామణే పట్టుకుంది. తెరిచిన ప్రతి విండో 'వేడి మారితే నాకు చెప్పు' అని జాబితాలో పేరెక్కించుకునేది. విండో మూసినా పేరు పోయేది కాదు. పేరున్నంత కాలం ఆ విండోను మెమొరీలోంచి కంప్యూటర్ తీసేయలేకపోయేది, అలా మెమొరీ నిండిపోయేది. దానికి విరుగుడు వీక్ లిజనర్ అనే పద్ధతి. జాబితా పట్టు వదులుగా ఉంటే, ఇంకెవరికీ అక్కరలేని విండోను కంప్యూటరే ఊడ్చేస్తుంది. వేడి హద్దు దాటితే మోగే అలారం పేరు కూడా ఆ జాబితాలోనే ఉంది.

"అలారాన్ని మాత్రం ముట్టుకోవద్దు సార్," అంది మేనేజరు రవిచంద్రతో. "దాన్ని పట్టుకోనుండేది ఆ జాబితా ఒకటే. పట్టు వదులు చేస్తే అదీ చెత్తతో పాటు పోతాది."

"ఒక్కోదానికి ఒక్కో తీరా? అన్నీ మార్సెయ్యమ్మా. రేపే పంపల్ల."

మార్చేసింది. అలారం పోతుందన్న మాట ఆయనకు మెయిల్‌లో రాసి పెడదామనుకుంది, రాయలేదు.

తొలి పరీక్షలో అలారం బాగానే మోగింది. అప్పటికింకా కంప్యూటర్ మెమొరీ ఊడ్చుకోలేదు. పన్నెండో రోజు ఓవెన్ వేడి హద్దు దాటింది. అలారం మోగలేదు. సరుకంతా మాడిపోయింది, అక్కడ పనిచేసే ఒకామె చేతులు కాలాయి. ఏమరుపాటుగా ఉన్నాడని ఆపరేటర్ ధనంజయను పనిలోంచి తీసేశారు.

కృపామణి ఆఫీసులో అదే పరిస్థితి కల్పించి రవిచంద్రకు చూపించింది.

"సరిచేసి పంపు. ఇది ఎవురికీ చెప్పద్దు. చెప్తే మనందరం ఇంటికి పోవాల."

కొత్త వెర్షన్ 'చిన్న మార్పులు' అన్న పేరుతో వెళ్లిపోయింది. వారం రోజులు ఆమె ఎవరికీ చెప్పలేదు. చివరికి జరిగిందంతా ఫ్యాక్టరీకి తన పేరుతోనే రాసి పంపింది. విచారణ ముగిసిందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ జవాబు నకలు రవిచంద్రకూ వెళ్లింది. సాయంత్రానికల్లా ఆమె ఉద్యోగం పోయింది.

ధనంజయ నంబరు సంపాదించి ఫోన్ చేసింది. అతను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలు మోస్తున్నాడు. తప్పు అతనిది కాదని, ప్రోగ్రాముదని విడమరిచి చెప్పింది.

"నేనూ అదే చెప్తి మేడమ్. ఆడనే ఉండాను, అది మోగలేదు అని. ఒక్కడూ నమ్మలేదు." అంతలోనే అడిగాడు: "మోగదని మీకు ముందే తెలుసునా?"

"తెలుసు," అంది.

అవతల డబ్బాల చప్పుడు. తర్వాత ఫోన్ పెట్టేశాడు. మళ్లీ రెండుసార్లు చేసింది, ఎత్తలేదు.