టిక్కుమన్న చప్పుడు

2023 వానాకాలం. కామారెడ్డి బస్టాండుకు దగ్గరి సందులో నా కంప్యూటర్ రిపేరు దుకాణం. ఒక పొద్దున ఎల్లారెడ్డి బస్సు దిగి ఒకాయన దుప్పటిలో చుట్టిన మూట ఎత్తుకొని వచ్చాడు. యాభై దాటిన మనిషి. మూటను చంటిపిల్లను దించినట్టు నా బల్ల మీద దించాడు. పేరు ఖాజా మియా. గల్ఫ్‌లో ట్రేలర్ నడిపి వచ్చాడట.

మూటలో ఉన్నది ఒక డెస్క్‌టాప్. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన కంపెనీ పెట్టె. హైదరాబాద్‌లో కొన్నాడు.

"దీంట్ల లారీ నడిపే గేమ్ ఆడాలె తమ్మీ. స్టీరింగ్ గిట్ల వేరే కొన్న. మంచిగ నడువాలంటే ఏమేం ఎయ్యాలె?"

"మీ పిల్లగానికా భాయ్?"

"కాదు, పెద్దోల్లకే. ఇంకో మాట. ఆక్సిలరేటర్ కాలుకు గాకుంట చేతికి పెట్టొచ్చా?"

నేను నవ్వాను. "కుర్చీల కూసోని ఆడేదానికి గూడ కాళ్లు నొస్తయా భాయ్?"

ఆయన నవ్వలేదు. "అయితదా, కాదా చెప్పు" అన్నాడు. అవుతుందన్నాను.

ఇలాంటి పెట్టెలు కొని గేమింగ్‌కు మార్చుకోవాలనుకునే వాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. ఆలోచన మంచిదే. ప్రాసెసర్, మెమరీ సరిపోతాయి. బొమ్మను తెర మీద వేగంగా గీసే గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెడితే చాలు. చిక్కంతా పవర్ సప్లై దగ్గర వస్తుంది. గోడ కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి పంచే డబ్బా అది. కంపెనీ వాళ్లు ఆఫీసు పనికి సరిపడా చిన్నది పెడతారు, గ్రాఫిక్స్ కార్డుకు అది చాలదు. బజారులో దొరికే పెద్దదానికి ఇరవైనాలుగు పిన్నుల కనెక్టర్ ఉంటుంది. ఖాజా భాయ్ తెచ్చిన పెట్టెలో మదర్‌బోర్డుకు ఎనిమిది పిన్నులే. మధ్యలో ఒక అడాప్టర్ కేబుల్ కావాలి. ఆన్‌లైన్‌లో తెప్పించి పెడతానన్నాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. ఈ పని నాకు ఏ ఇన్‌స్టిట్యూటూ నేర్పలేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయాక గ్రంథాలయంలో ఎలక్ట్రానిక్స్ పుస్తకాలన్నీ వరుసగా చదివాను. నన్ను చూడగానే లైబ్రేరియన్ ఆ బీరువా తాళంచెవి అడగకుండానే తీసి ఇచ్చేవారు. ఇష్టమైన వాక్యాలను పొడుగు నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. అందులో ఒకదాని కింద ఎర్ర గీత ఉంది: "తప్పు కనెక్టర్ దూరకుండా దాని ఆకారమే అడ్డుకుంటుంది." దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ ఈ మాట గర్వంగా అప్పజెప్పేవాణ్ని.

కేబుల్ వచ్చిందని చెబితే ఖాజా భాయ్ మర్నాడే వచ్చాడు. స్టూలు మీద కూర్చొని నా చేతులనే చూస్తున్నాడు. కొత్త పవర్ సప్లై బిగించాను, గ్రాఫిక్స్ కార్డు పెట్టాను, చివరికి అడాప్టర్ కేబుల్‌ను బోర్డులోకి నొక్కాను. టిక్కుమని కొండి పడింది.

"జర లాగి చూడు తమ్మీ."

"ఎందుకు భాయ్? టిక్కుమన్నది గద."

"ట్రేలర్ తగిలించినప్పుడు గూడ పిన్ను పడ్డ సప్పుడు వస్తది. గా సప్పుడును నమ్మొద్దు. బండిని జరంత ముందటికి లాగి చూసినంకనే కదలాలె."

కేబుల్ పట్టుకొని రెండుసార్లు గుంజి చూపించాను. "చూడు, ఊడొస్తలేదు. తప్పుది అసలు దూరనే దూరదు భాయ్. పుస్తకంల రాసుంది."

వోల్టులు కొలిచే మల్టీమీటర్ నా తల వెనకే మేకుకు వేలాడుతోంది. నేను అటు తిరిగి కూడా చూడలేదు. స్విచ్ వేశాను.

ఫ్యాను సగం చుట్టు తిరిగి ఆగింది. ఫట్‌మని చప్పుడు. బోర్డు మూల నుంచి సన్నటి పొగ, గొంతు పట్టేసే కమురు వాసన. ప్లగ్గు పీకానో, తన్నానో ఇప్పటికీ గుర్తులేదు. పొగ పోయాక కూడా నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్ల పనిలో నా చేతుల్లో ఒక బోర్డు కాలడం అదే మొదటిసారి.

మీటరు అప్పుడు తీశాను. ఐదు వోల్టులు రావలసిన పిన్నులో పన్నెండు చూపిస్తోంది. ఆ కేబుల్ ఇంకో కంపెనీ పెట్టె కోసం చేసింది. కనెక్టర్ ఆకారం అచ్చం అదే, లోపలి తీగల వరుస వేరు. నా ఎర్ర గీత వాక్యం నా కళ్ల ముందే కాలిపోయింది.

'పాత బోర్డు భాయ్, దాని ఆయుష్షు అంతే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనకు తెలిసే దారి లేదు. తలెత్తి చూశాను. ఖాజా భాయ్ లేచి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. మరుక్షణం బల్ల దాటి నా దగ్గరికి వచ్చాడు.

"నీకేం కాలే గద? చేతులు చూపియ్యి. రెండూ చూపియ్యి."

పెట్టె గురించి ఒక్క మాట లేదు. నా రెండు చేతులూ తిప్పితిప్పి చూశాడు. ఇంక అబద్ధం ఆడలేకపోయాను.

"తప్పు నాది భాయ్. కొలిచి చూడాల్సింది, చూడలే. సప్పుడును నమ్మొద్దని నువ్వు చెప్పినా ఇనలే."

నీళ్లిచ్చాను. తాగి స్టూలు మీద కూర్చున్నాడు.

"నేను గూడ గిట్లనే సప్పుడు ఇన్న తమ్మీ. లాగి చూడలే. గల్ఫ్‌ల కంపెనీ గేటుకాడ మలుపుతుంటే ట్రేలర్ లారీకెల్లి ఊడి ముందటి కొస నేల మీద పడ్డది. పక్కన నిలబడి నాకు సైగ చేస్తున్నోడు సాయిలు. మా మహమ్మద్‌నగర్ సాయిలు, ఆడు గూడ డ్రైవరే. కుడికాలు మోకాలు కిందికెల్లి పోయింది." గ్లాసు కింద పెట్టాడు. "ఇన్నేండ్లల్ల ఒక్క మాట అనలే నన్ను. మొన్న నోరు జారి అన్నడు, ఒక్కసారి స్టీరింగ్ పట్టాలని ఉంది ఖాజా, అని. గందుకే ఇది."

కాళ్లు నొస్తయా భాయ్ అని నేను నవ్వింది గుర్తొచ్చింది. 

అదే మోడల్ బోర్డును హైదరాబాద్ నుంచి నా ఖర్చుతో తెప్పించాను. సరైన కేబుల్ వెతికాను. పెట్టె పాత పవర్ సప్లైలో ఏ పిన్నుకు ఎంత వస్తుందో కొలిచి కాగితం మీద రాశాను. కొత్త కేబుల్ ఎనిమిది పిన్నులనూ ఆ కాగితంతో సరిచూశాకే బోర్డుకు తగిలించాను.

పెట్టెను నేనే ఎల్లారెడ్డి బస్సెక్కించి, అక్కడి నుంచి ఖాజా భాయ్ బండి మీద మహమ్మద్‌నగర్ తీసుకెళ్లాను. సాయిలు చేతికర్ర గోడకు ఆనించి కుర్చీలో కూర్చున్నాడు. స్టీరింగ్ వెనక ఉండే మీటనే ఆక్సిలరేటర్‌గా మార్చి వేళ్లకు అందేలా పెట్టాను. తెర మీద లారీ వెనక్కి వెళ్లి ట్రేలర్ కిందికి దూరింది. టిక్కుమని చప్పుడొచ్చింది. ఖాజా భాయ్ మొహం తిప్పుకున్నాడు.

సాయిలు వెంటనే బండి పోనివ్వలేదు. జానెడంత ముందుకు లాగి, ఆపి చూశాడు.

"పట్టుకుంది ఖాజా. ఇటు సూడు. ఇగ పోదామా?"

ఖాజా భాయ్ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తెర మీద రోడ్డు కదిలింది.

నోటుబుక్కులో ఆ వాక్యాన్ని నేను కొట్టెయ్యలేదు. పుస్తకాలు చదవడమూ మానలేదు. దూరడం వేరు, సరిపోవడం వేరని మాత్రం దాని కింద రాసుకున్నాను. ఇప్పుడు ఏ పెట్టెకైనా స్విచ్ వేసే ముందు ఒక్కొక్క పిన్నుకూ మీటరు పెడతాను. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. "ఏంది అన్నా, ఇంకా ఏం చేస్తున్నవు?" అంటారు.

"లాగి చూస్తున్న" అంటాను.