గిరిజమ్మ బి.ఏ. మొదటి సంవత్సరం

గిరిజమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఎమ్మిగనూరులో ఆమె వీధి వీధంతా చెబుతుంది. నిజమే, ఉంటుంది. ఆ కోపమే లేకపోతే ఆమె చదువు మొదటి ఏడాది మధ్యలోనే ఆగిపోయేది కనుక దాన్ని తప్పు పట్టే పని మనం పెట్టుకోవద్దు.

ఐదో తరగతితో బడి మానిపించి ఆమెను రాట్నం ముందు కూర్చోబెట్టారు. నేసేవాడికి నూలు చుట్టిన కండెలు ఒకటి తర్వాత ఒకటి అందుతూ ఉండాలి, లేకపోతే మగ్గం ఆగిపోతుంది. పుట్టింట్లో ఎనిమిదేళ్ళు, అత్తింట్లో పదహారేళ్ళు కండెలు చుట్టింది. 1984లో ఒక ఉదయం రేడియోలో ఒక మాట చెవిన పడింది. హైదరాబాదులో కొత్తగా పెట్టిన యూనివర్సిటీలో ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా ప్రవేశ పరీక్ష రాసి బి.ఏ.లో చేరవచ్చట. పుస్తకాలు పోస్టులో ఇంటికే వస్తాయట. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పంపింది, ఆదోని వెళ్ళి పరీక్ష రాసింది, పాసయింది.

ఆమె భర్త సోమన్న మంచి పనివాడు, చెడ్డవాడు కాదు. పాసయిందని తెలిసి కడుపుబ్బ నవ్వాడు. పోస్టుమాను బరువైన పుస్తకాల కట్ట తెచ్చి గడపలో పెట్టేసరికి ఆ నవ్వు పోయింది. ఒక్క ఏడాది చూస్తానన్నాడు. కండెలు తగ్గకూడదు, ఒక్క పేపరు తప్పినా మళ్ళీ చదువు మాట ఎత్తకూడదు, అన్నీ పాసైతే తను అడ్డు చెప్పడు. గిరిజమ్మ రోషం కొద్దీ సరేనంది. నలుగురి ముందు అన్న మాట, వెనక్కి తీసుకునేది కాదు.

ఇలాంటి చదువులో చేరదామనుకునేవాళ్ళు ఉంటే కాస్త ఇటు చెవి పెట్టండి. ఇంటికొచ్చే చదువంటే ఇంట్లోవాళ్ళకు తేరగా కనపడుతుంది. కాలేజీకి పోయేవాణ్ణి ఎవరూ మధ్యలో లేపి నీళ్ళు తెమ్మనరు. ఇంట్లో చదివేదాన్ని మాత్రం అందరూ లేపుతారు, పుస్తకం పట్టుకున్నదంటే పనిలేక కూర్చున్నదనే లెక్క. గంట కొట్టేవాడుండడు, చదివావా అని అడిగేవాడుండడు. అర్థం కాని ముక్క దగ్గర ఎవరిని అడగాలి? గోడనా? ఆదివారం ఆదివారం ఆదోనిలో తరగతులుంటాయి, నిజమే. బస్సులో నిలబడి పోయి, నిలబడి రావాలి.

ఆ ఆదివారం తరగతుల్లో చరిత్ర చెప్పేది లక్ష్మప్ప సారు. రెండు జవాబు పత్రాలు రాసి తనకివ్వాలని, వాటి మీద తను సంతకం పెడితేనే పరీక్షకు పంపుతానని మొదటి రోజే తేల్చి చెప్పాడు. పాఠం చూసి రాసుకోవచ్చన్నాడు. గిరిజమ్మ ప్రాణం లేచి వచ్చింది. చూసి చేయడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆమె పుట్టిందీ మెట్టిందీ నేత ఇళ్ళలోనే. కొత్త రకం దుప్పటి నేయాలంటే ముందు మచ్చు వస్తుంది, అంటే ఎలా నేయాలో చూపే నమూనా గుడ్డ. చార ఎక్కడుంటే అక్కడే రావాలి, పోగులు ఎన్నుంటే అన్నే పడాలి. మచ్చులో ఒక పోగు తప్పి ఉంటే ఆ తప్పును కూడా నేయాలి. సొంత తెలివి చూపించావా, గుడ్డ వెనక్కి వస్తుంది. గిరిజమ్మ రెండు జవాబులూ అలాగే రాసింది, పాఠంలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. అచ్చులో పొరపాటున ఒక వాక్యం రెండుసార్లు పడి ఉంటే తనూ రెండుసార్లు రాసింది. ఇంత శ్రద్ధగా ఇంకెవరూ రాసి ఉండరని మురిసిపోయింది కూడా.

తర్వాతి ఆదివారం లక్ష్మప్ప సారు ఆ కాగితాలు పైకెత్తి తరగతికంతా చూపించాడు. ఆ రెండుసార్ల వాక్యాన్ని రెండుసార్లూ చదివాడు. నలభై మంది నవ్వారు. దీన్ని చదువు అనరమ్మా, చూచిరాత అంటారన్నాడు. గిరిజమ్మకు తల కొట్టేసినట్టయింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. లేచి నిలబడింది.

“మా పనిలో మచ్చు సూసి మచ్చు మాదిరే సేస్తే మంచి పనోడంటారు సార్. మీ పనిలో అట్ల కాదంటే ముందే సెప్పల్ల గదా,” అంది.

నవ్వు ఆగిపోయింది. సారు పైకెత్తిన కాగితాలు దించాడు. ముందే చెప్పకపోవడం తన తప్పేనని ఒప్పుకున్నాడు, అది ఆయన మంచితనం. అయినా నియమం నియమమే అన్నాడు. రెండు జవాబులూ సొంత మాటల్లో రాసి వచ్చే ఆదివారానికి తేవాలి, లేకపోతే ఈ ఏడాదికి పరీక్ష లేదు.

ఏడు రోజులు. దసరా ముందు పని, మగ్గం దిగే తీరిక లేదు, రాట్నం ముందునుంచి లేచే తీరిక అంతకన్నా లేదు. సొంత మాటలు ఎక్కడినుంచి తేవాలి? ఇరవై నాలుగేళ్ళుగా ఒకరి మచ్చు చూసి పనిచేసిన మనిషి! సోమవారం, మంగళవారం ఒక్క ముక్క రాలేదు. బుధవారం ఉక్రోషంతో, చేతులు నూలు చుడుతుండగానే, పాఠాన్ని పక్క రాట్నం ముందున్న అత్త రుద్రమ్మకు చెప్పడం మొదలుపెట్టింది. రుద్రమ్మకు అక్షరం ముక్క రాదు. ఆమెకు పుస్తకం భాషలో చెబితే ఎక్కదు, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే చెప్పాలి. పైగా ఆ ముసలామె ఊరికే వినే రకం కాదు. ఎందుకు, ఎప్పుడు, ఎవురన్నారు అని ప్రాణం తోడేసేది. ఆమెకు నచ్చజెప్పేసరికి గిరిజమ్మకే పాఠం అర్థమయ్యేది.

అలా ఒక జవాబు అయింది. శుక్రవారం రెండో జవాబుకు చేనేత పాఠం వచ్చింది. అందులో ఒక వాక్యం: మగ్గం నేసేది పురుషులు, స్త్రీలు ఖాళీ సమయాల్లో వారికి సాయపడతారు.

రుద్రమ్మ రాట్నం ఆపేసింది. “ఖాళీ టైమా? నా పెండ్లయిన కాడినుంచి ఖాళీగా ఉన్న పొద్దు ఒక్కటి సెప్పే. ఇది సాయమైతే పనంటే ఏందే మల్లా?”

గిరిజమ్మ ఆ మాటలే రాసింది. మగ్గం వెనుక ఎంతమంది ఆడవాళ్ళ చేతులున్నాయో, నూలుకు గంజి పెట్టేదెవరో, కండె అందని రోజు మగ్గం ఏమవుతుందో నాలుగు పేజీలు రాసింది. చివర, ఇది సాయం కాదు, పని అని రాసింది.

ఆదివారం లక్ష్మప్ప సారు నిలబడే మొత్తం చదివాడు. పుస్తకంలో లేనిది రాశావే అన్నాడు. సొంత మాటలు అడిగింది మీరే కదా, నా మాట ఇదే, మార్చేది లేదంది గిరిజమ్మ. ఆయన రెండింటి మీదా సంతకం పెట్టాడు. పక్కకు పిలిచి మాత్రం, పరీక్షలో ఈ మొండితనం వద్దని చెప్పాడు. దిద్దేవాడు ఎవడో, వాడు పుస్తకంతో సరిచూసి మార్కులేస్తాడు, అక్కడ పుస్తకంలో ఉన్నదే రాసి గట్టెక్కమన్నాడు. ఆమె మేలు కోరే చెప్పాడు.

మిగతా పాఠాలన్నీ గిరిజమ్మ రాట్నం ముందే అత్తకు చెబుతూ చదివింది. మే నెల ఆదోని ఎండలో పరీక్షలు. చరిత్ర పేపరులో ఆ చేనేత ప్రశ్నే వచ్చింది, పేపరు మొత్తంలోకెల్లా పెద్ద ప్రశ్న. పెన్ను పట్టుకుని గిరిజమ్మ చాలాసేపు కూర్చుంది. ఒక్క పేపరు తప్పితే అంతా అయిపోయినట్టే. తన నోటితో తానే సరేనంది. ఒక్క అబద్ధం రాస్తే ఏం పోతుంది, ఎవరు చూస్తారు? పుస్తకంలోని వాక్యం రాసింది కూడా. రాసినదాన్ని ఒకసారి చదువుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. దాన్ని అడ్డంగా కొట్టేసి, తన నాలుగు పేజీలూ తన మాటల్లోనే రాసి లేచి వచ్చేసింది.

ఫలితాలు వచ్చేదాకా ఆమె భయపడలేదంటే అది అబద్ధమే. అన్నం సహించలేదు. పోస్టుమాను సైకిలు వీధి మలుపు తిరిగితే చాలు రాట్నం వదిలి గడపలోకి పరుగెత్తేది.

మార్కుల కాగితం రానే వచ్చింది. అన్ని పేపర్లూ పాసు. చరిత్రలో ముప్పై ఐదు రావాలి, ముప్పై ఆరు వచ్చాయి.

సోమన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క మార్కుతో బతికిపోయావన్నాడు. పుస్తకంలో ఉన్నట్టు రాసి ఉంటే ఇంకో పది వచ్చేవి, రాయలేదంది గిరిజమ్మ. ఎందుకు రాయలేదో అతను అడగలేదు. ముచ్చట తీరింది కదా, ఇక చాలు, మళ్ళీ దసరా పని మొదలవుతోంది అన్నాడు. ఏడాది కిందటి మాట గాలికి పోయిందన్నమాట! గిరిజమ్మ చేతిలో నూలు పక్కన పెట్టి లేవబోయింది.

ఈలోపు పక్క రాట్నం దగ్గర్నుంచి రుద్రమ్మ, తల కూడా ఎత్తకుండా, కొడుకుతో అంది.

“వద్దనేదానికి నువ్వెవురప్పా? అది ఒక్కతే సదివిందా యేమి? ఏడాది పొడుగునా నేనూ సదివితి. ఆ ఖాళీ టైము మాట తప్పని పట్టింది నేను, పాసయింది గూడా నేనే. రెండో ఏడు నేను సదవల్ల. నన్ను ఆపుతావా, ఆపు సూద్దాం.”