గుర్తుపట్టేటంత చాలంది పెద్దమ్మ

మా పక్క ఫ్లాట్ పెద్దమ్మ పోయిన నెల చనిపోయింది. ఆ కబురు నాకు నారాయణగూడలో, నేను పనిచేసే మందుల షాపు కౌంటర్ దగ్గర, పొద్దున పదింటికి అందింది. అప్పటికి అది చావు కబురని ఎవరికీ తెలియదు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చేసి, "మేడం, పెద్దమ్మోళ్ల తలుపు తీస్తలేరు. ఇంకో తాళంచెవి మీ దగ్గర ఉందంట కద. జర జల్ది రాండ్రి" అన్నాడు.

ఆటోలో అశోక్ నగర్ చేరేసరికి మూడో అంతస్తు మెట్ల మీద నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. గ్రిల్ తలుపు లోపలివైపు పెద్దమ్మ భర్త, నేను పెదనాన్న అని పిలిచే ఆయన, ఊచలు పట్టుకుని అందరికీ మర్యాదగా ఒకటే జవాబు చెబుతున్నాడు.

"ఇంట్ల ఎవరు లేరండి. మా ఇంట్లామె బజారుకు పోయింది. వచ్చినంక రాండ్రి."

ఊచల సందులోంచి చెయ్యి పెట్టి తాళం తీశాను. పెద్దమ్మ వంటింట్లో నేల మీద ఉంది. గుండె ఆగిపోయిందని, ఎక్కువసేపు బాధపడి ఉండదని డాక్టరు చెప్పాడు. ఈ నెల రోజులూ నేను ఆ మాట పట్టుకునే ఉన్నాను.

పదకొండేళ్లు ఆమె పక్కన ఉన్నాను. నేను ఒంటరి మనిషిని. షాపు నుంచి వచ్చేసరికి నా తలుపు గొళ్లానికి ఒక సంచీ వేలాడేది. అందులో స్టీలు గిన్నె, గిన్నెలో ఆ పూట వాళ్లింటి కూర. ఎందుకు పెద్దమ్మా అంటే, "ఇద్దరికి వండుడు నాకు రాదు బిడ్డ, ముగ్గురికే వస్తది" అనేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ మూడో మనిషి ఎవరని నేను ఎప్పుడూ అడగలేదు.

చిక్కడపల్లి, అశోక్ నగర్ ఆడవాళ్లలో చాలామంది తెగిన నల్లపూసలు ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు. కిటికీ దగ్గర కూర్చుని, సూది కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని గుచ్చి ఇచ్చేది. కింద కోచింగ్ సెంటర్ల నుంచి బయటికొచ్చే ఆడపిల్లలు పుస్తకాలు గుండెకు హత్తుకుని టీ బండి దగ్గర నిలబడి తేదీలూ రాజ్యాంగం ఆర్టికల్ నంబర్లూ ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్లు. ఆమె గుచ్చడం ఆపి వాళ్లను చూసేది. ఒకసారి మాత్రం, "నేను గూడ టైపు హయ్యర్ పాసైన. ఇగో ఈ నారాయణగూడలనే నేర్చుకున్న" అంది. తరువాతేం జరిగిందో చెప్పలేదు.

పెదనాన్నకు మతిమరుపు మొదలై ఐదేళ్లు దాటింది. ముందు కళ్లద్దాలు, తరువాత వీధులు, తరువాత మనుషులు. ఒకరోజు కూరగాయలకని వెళ్లి సాయంత్రం దాకా రాలేదు. చివరికి దోమలగూడలో ఎవరింటి అరుగు మీదనో కూర్చుని దొరికాడు. ఆ మర్నాడు పెద్దమ్మ గ్రిల్‌కు లోపలి నుంచి తాళం వేసింది. ఒక చెవి తన నడుముకు, ఒకటి నాకు. నాకిస్తూ అంది, "తాళం ఆయన కోసమేసిన బిడ్డ. లోపల నేను గూడ పడ్డ."

అంతే, ఆనాటి నుంచి ఆమెకు బయట అన్నది నేను ఆదివారాలు పెదనాన్న దగ్గర కూర్చునే గంటసేపే. ఆ గంటలో ఎక్కడికి వెళ్లేదో తెలుసా? ఎక్కడికీ కాదు. మెట్లు దిగి, వీధి చివరి దాకా నడిచి, మళ్లీ నడిచి వచ్చేది. "ఎటు పోవాల్నో సమజ్ కాలే" అని చెప్పులు విడిచేది.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఆమె వీధిలోకి వెళ్లలేదు. చేతిలో చెప్పులు పట్టుకుని నా దగ్గరకొచ్చి, చాలా మెల్లగా అడిగింది. "మీ షాపుల ముఖం చిన్నగ చేసే మందు ఉంటదా?"

నేను నవ్వాను. అరవై ఆరేళ్ల మనిషికి ఇదేం సరదా అన్న నవ్వే అది. ఆ నవ్వును వెనక్కి తీసుకునే అవకాశం ఉంటే ఈ స్మృతి రాయవలసిన అవసరం కొంత తగ్గేది. ఎందుకంటే ఆమె నవ్వలేదు. ఆమె చెప్పిందిది.

నెల రోజులుగా పెదనాన్న ఆమెను గుర్తుపట్టడం లేదు. కసరడు, కొట్టడు. అమ్మా, మీరు ఎవలింటికొచ్చిన్రు అని అడుగుతాడు. గోడ మీద వాళ్లిద్దరి పాత ఫొటో ఒకటుంది, ఆమెకు ముప్పై రెండో ముప్పై మూడో ఉన్నప్పటిది. దాన్ని చూపించి, "ఈమె మా ఇంట్లామె. మీరు కూసోండ్రి, ఇప్పుడే వస్తది" అంటాడు. పరాయి ఆడమనిషి చేత స్నానం చేయించుకోనంటాడు. పొద్దు గుంకే వేళకు మరీ కంగారు. "చీకటి పడ్తుంది, ఇంటికి పోండ్రమ్మా, మీ వాళ్లు చూస్తుంటరు" అంటాడు. ఆమె పోయి వంటింట్లో తలుపు చాటున కూర్చుంటుంది.

"తిట్టినా బాగుండు. ఇంత మర్యాదనా బిడ్డ, నాతోని?" అంది.

ఫొటోలో ఉన్న ముఖానికి, ఇప్పటి తన ముఖానికి మధ్య దూరం కొంచెం తగ్గితే ఆయన పట్టేస్తాడేమోనని ఆమె ఆశ. నేను మందుల షాపు మనిషిని కాబట్టి, నవ్విన తప్పు దిద్దుకోవడానికి, నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే ప్రొటీన్ ఒకటుంటుంది, కొల్లాజెన్ అంటారు, వయసుతో అది తగ్గుతుంది, అందుకే వదులు, అందుకే ముడతలు. ప్రొటీన్ అంటే పొడుగాటి గొలుసు అనుకుంటే పెప్టైడ్లు దాని చిన్న ముక్కలు. వాటిని రాసినప్పుడు కొన్ని రకాలు చర్మానికి ఒక కబురులా పనిచేస్తాయి. ఇక్కడ గొలుసు తెగింది, కొత్తది తయారుచెయ్యి అని. సన్నగీతలు మెత్తబడతాయి, తేమ నిలుస్తుంది, చర్మం కొంచెం గట్టిపడుతుంది. మిగతా కొన్ని క్రీముల్లా మండించవు. అయితే రెండు మూడు నెలలు ఆగాలి, అందరికీ ఒకేలా పనిచేయవు, పగలు ఎండ తగలకుండా సన్‌స్క్రీన్ రాయకపోతే చేసిందంతా వృథా.

ఆమె చేతిలోని చెప్పులు కింద పెట్టింది. "అంటే దండంత ఎక్కియ్యనక్కర లేదు. నాలుగు పూసలు చూపిస్తే, తెగిందని దానికే తెలుస్తది."

పదిహేనేళ్లుగా అమ్ముతున్న సరుకు గురించి అంత చక్కగా నాకు ఎవరూ చెప్పలేదు.

"కానీ పెద్దమ్మా, ముప్పై ఏళ్లు వెనక్కి తీసుకుపోదు" అన్నాను.

"ముప్పై ఏండ్లు ఎవలడిగిన్రు బిడ్డ. గుర్తుపట్టేటంత చాలు."

మర్నాడు షాపు నుంచి పెప్టైడ్ సీరం సీసా ఒకటి తెచ్చి ఇచ్చాను. మూడు నెలలు ఆమె ఒక్కపూట తప్పలేదు. పొద్దున ఆయన లేవకముందు ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే మూడు చుక్కలు వేలికొసలతో అద్దుకునేది. పైన మామూలు క్రీము. ఇంట్లోంచి కదలని మనిషి కిటికీ ఎండకని సన్‌స్క్రీన్ రాసుకునేది. నేను రోజూ చూస్తున్నాను కాబట్టి మార్పు నాకు ఆలస్యంగా తెలిసింది. ఏళ్లుగా ఆమె చెంపలు పొట్టు లేచినట్టుండేవి. ఆ పొట్టు పోయింది. కళ్ల పక్క గీతలు అక్కడే ఉన్నాయి గానీ లోతు తగ్గాయి. నల్లపూసలకొచ్చిన ఒకావిడ, "ఏంది పెద్దమ్మ, ముఖం కళగుంది" అందట. ఆ మాట నాకు చెబుతూ పెద్దమ్మ చెంగుతో మూతి కప్పుకుంది. తన కోసం కొనుక్కున్నది కాకపోయినా, తనకూ నచ్చిందని ఒప్పుకోవడానికి సిగ్గు.

మూడు నెలలు నిండిన రోజు ఆమె ఫొటోలో ఉన్నటువంటి ఆకుపచ్చ చీర కట్టింది. పాపిట తీసి, జడ వేసుకుని, ఆయన కుర్చీకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఆదివారం కాబట్టి నేనూ ఉన్నాను. పెదనాన్న పేపరు దించి చూశాడు. చాలాసేపు చూశాడు. ఫొటో వైపు తిరిగాడు, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"మీరు," అన్నాడు, "ఆమె అక్కనా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. ముందు నవ్వింది, కుదుపుగా, ఆపుకోలేకుండా. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపైంది. కొంగుతో ముఖం తుడుచుకోబోయి, రాసుకున్న క్రీము పోతుందని ఆగి, వేళ్లతో కళ్లొత్తుకుంది.

"అవును. అక్కనే" అంది ఆయనతో. తరువాత వంటింట్లోకి వచ్చి నాతో, "అక్క దాక వచ్చిన బిడ్డ. ఇంకో సీసా తెస్తవా?"

అక్కడితో ఆ ఇంట్లో రోజులు మారాయి. పెళ్లాం అక్క అంటే ఆయనకు వదిన. వదిన ఇంట్లో ఉండొచ్చు, అన్నం పెట్టొచ్చు, జ్వరమొస్తే నుదురు పట్టి చూడొచ్చు. సాయంత్రాలు ఆమెను ఇంటికి పొమ్మనడం మానేశాడు. ముట్టుకుంటే చిరిగేలా పలచబడ్డ ఆయన ముంజేతులకు ఆమె క్రీము రాస్తుంటే, "వదినా, మీకెందుకు తిప్పల" అంటూనే చేతులు చాచేవాడు. రోజూ ఏదో ఒక వేళ అడిగేవాడు, "వదినా, మీ చెల్లె ఎప్పుడొస్తది?"

"వస్తది. తొవ్వల ఉంది."

తన ఇంట్లో, తన మొగుడి పక్కన, తను ఇంకా రాలేదని చెబుతూ ఆమె దాదాపు రెండేళ్లు బతికింది. నేను ఒకసారి తట్టుకోలేక, ఒక మనిషిని పెట్టుకుందాం, కొన్నాళ్లు ఎక్కడికైనా వెళ్లిరండి అన్నాను. ఆమె గ్రిల్ వైపు చూసింది. "నేను పోతే ఈయనకు వదిన గూడ ఉండదు" అంది.

ఆయన పెళ్లానికి ఎన్నడూ చెప్పనివి వదినకు చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం ఇద్దరికీ అన్నాలయ్యాక, ఉన్నట్టుండి అన్నాడట. "వదినా, మీ చెల్లెకు నౌకరి ఆర్డరొచ్చింది ఒకప్పుడు. టైపిస్టు. నేనే జాయిన్ కానియ్యలే. ఇంట్ల ఎవరుంటరన్న. అది మల్ల ఆ మాటెత్తలే. తప్పు జేసిన. జర మీరు చెప్పున్రి దానికి."

నలభై ఏళ్లు ఆమె ఎదురుచూసిన మాట. వచ్చింది. ఆమెకు కాకుండా వచ్చింది.

"మీరేమన్నారు?" అని అడిగాను.

"చెప్తనన్న."

"మాఫ్ చేసిందని చెప్పలేదా?"

పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించింది, ముడి వేసింది. "చెప్పలే. ఎందుకు చెప్పాలె గంత జల్ది? ఇంకా ఆలోచన చేస్తున్న" అంది. ఆమె మీద నాకు ప్రేమ ఉండేది. గౌరవం ఆ రోజు ఇంకా పెరిగింది.

ఎనిమిది నెలలు ఆలోచించింది. చనిపోవడానికి వారం ముందు నా తలుపు దగ్గర నిలబడి చెప్పింది. "ఇయ్యాల చెప్పిన బిడ్డ. మా చెల్లె మాఫ్ చేసిందంట అన్న. ఏం మాఫ్, మీ చెల్లె ఏం తప్పు జేసింది అని అడిగిండు." ఇద్దరం గోడకు ఆనుకుని నవ్వాం. "పోనీ, నా దిక్కెల్లి అయిపోయింది" అని గిన్నె చేతిలో పెట్టి వెళ్లింది. ఆమె ముఖాన్ని నేను దగ్గరగా చూసిన చివరిసారి అదే. తేటగా ఉంది. అందులో సీసా పని ఎంతో, ఆ మాట పని ఎంతో నేను చెప్పలేను.

ఇప్పుడు షాపుకు పెద్ద వయసు ఆడవాళ్లు వచ్చి, గొంతు తగ్గించి, ముడతలకు ఏదైనా ఉందా అని అడిగితే నేను నవ్వను. అది ఆమె నాకు నేర్పిన చదువు. ఏది ఎంత చేస్తుందో, ఎంత చేయదో చెప్పి, స్టూలు చూపించి కూర్చోమంటాను. ఆ ముఖాన్ని ఎవరు చూడాలని ఆమె కోరుకుంటుందో నాకు తెలియదు. తెలియని విషయానికి నవ్వకూడదు.

పెదనాన్నను ఆయన తమ్ముడు కవాడిగూడలో తన ఇంటికి తీసుకెళ్లాడు. మంచి మనుషులు. మొన్న ఆదివారం చూడడానికి వెళ్లాను. ఆయన బాల్కనీలో కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు, కానీ కూర్చోమన్నట్టు తల ఊపాడు. పక్కన ఖాళీగా ప్లాస్టిక్ కుర్చీ ఒకటుంటే లాక్కోబోయాను. ఆయన చప్పున దాని మీద చెయ్యి వేశాడు.

"ఆగు బిడ్డ. అది ఒకామెది."

"ఎవరిది పెదనాన్నా?"

ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి, పేరు రాలేదు. వీధిలోకి చూశాడు, ఆ కొస నుంచి ఈ కొస దాకా. తరువాత భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ సీటు మీద దుమ్ము తుడిచాడు, చేతులు పెట్టుకునే చోట తుడిచాడు, వెనక్కి ఆనుకునే చోట కూడా తుడిచాడు. మళ్లీ చెయ్యి దాని మీదే పెట్టుకుని కూర్చున్నాడు. నేను గడప మీద కూర్చున్నాను.