ఆయన రేకుల మీదికి ఎందుకు ఎక్కారు

మా దీవిలో, మహేబోర్గ్ రేవులో, చెరకు పనికి తరాల కిందట సముద్రం దాటి వచ్చిన మా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది. ఎవరైనా ఖర్చుకు వెనకాడితే, "ఆ తాతలాగ ఇంటి మీంచి పడతావు చూడు" అంటారు. ఆ మాట పుట్టించినవాణ్ణి నేను. అది అబద్ధం.

ఆ తాత మా ఇంటి యజమాని. ముందు రెండు గదుల్లో నేనూ నా భార్యా అద్దెకుండేవాళ్ళం. వెనక ఒంటిగదిలో ఆయన ఉండేవారు. భార్య పోయింది. ఒక్క కూతురు, కాపురం బాన్ అక్యూయ్‌లో. జీవితమంతా చెరకు నరికి కట్టుకున్న ఇల్లు అది. సాయంత్రాలు వరండాలో పిల్లల చేత తెలుగు అక్షరాలు దిద్దించేవారు, శనివారాలు రామభజన నడిపించేవారు. నేను ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే, ఆ పిల్లల వెనక కూర్చుని నేర్చుకున్నదే.

నేను పుట్టింది సుయాక్ దగ్గర ఒక చెరకు ఎస్టేటు కూలీల క్యాంపులో. క్యాంపులో ఇల్లు ఎస్టేటుది. కప్పు కారితే ఎస్టేటు వడ్రంగి వస్తాడు, ఏడాదికోసారి ఎస్టేటే సున్నం వేయిస్తుంది. మన చేత్తో మేకు కొట్టకూడదు. ఒక వానాకాలం మా నాన్న కిరోసిన్ డబ్బా చీల్చి చిల్లు మీద కొడితే, కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు వచ్చి దాన్ని పీకించి ఆ రోజు కూలి కోయించాడు. వడ్రంగి రావడం ఆలస్యమైతే మాకు ఒక్కటే దారి. తడిసిన గోనెలూ పరుపూ గుమ్మం ముందు వేసేవాళ్ళం. ఎస్టేటు దొర గుర్రం మీద అటు వచ్చి చూస్తే సర్దారుకు తలవంపు. మర్నాటికి వడ్రంగి దిగేవాడు.

ఈ పద్ధతినే నేను మహేబోర్గ్‌కు వెంట తెచ్చుకున్నాను. ఒక ముసలాయన ఎస్టేటు కాదన్న సంగతి నాకు తట్టలేదు. తట్టలేదనడం కూడా పూర్తి నిజం కాదు, తట్టనివ్వలేదు.

"తాతా, వంటింట్లో పొగ పోవడం లేదు."

"తలుపు తీసి పెట్టు, పోతుంది."

"తలుపు సరిగా రావడం లేదు కదా."

"మొన్న నువ్వు తన్నావు కదా బాబూ, అందుకే రావడం లేదు."

లోపల నా భార్య నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత నా కోరికలు పెరిగాయి. వంటింటి మట్టినేలకు సిమెంటు కావాలన్నాను. నా బావమరిది పగలగొట్టిన కిటికీ అద్దం ఆయనే వేయించాలన్నాను. నిజంగా బాగుచేయవలసింది ఒక్కటే, పైన రేకులు. మేకులు తుప్పుపట్టి, మంచం మీదికి నీళ్ళు కారేవి.

"మేకులున్నాయి, సుత్తి ఉంది" అన్నారాయన. "వయసులో ఉన్నవాడివి, ఎక్కి నాలుగు కొట్టు. నా మోకాళ్ళు ఎక్కనివ్వవు."

"నేను లొకాతేర్‌ని తాతా. అద్దె ఇస్తున్నాను. ఇల్లు నీది, రేకులు నీవి, వాన కూడా నీదే."

"వాన నాదైతే ఈపాటికి ఆపేవాణ్ణి కాదూ?"

ఆ శనివారం, భజనకు జనం వచ్చే వేళకు, తడిసిన పరుపు తీసుకెళ్ళి వీధి వైపు కంచె మీద వేశాను. వచ్చినవాళ్ళంతా చూశారు. భజన తాళాలు చేతిలో పట్టుకుని ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆయనా క్యాంపులో పుట్టిన మనిషే. ఆ పరుపుకు అర్థం ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భజన అయ్యాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు.

"నన్ను దొరను చేశావా?"

గెలిచాననుకున్నాను. మర్నాడే ఆయన రేవు దగ్గరి వడ్రంగికి పని చెప్పి వచ్చారు.

వడ్రంగి గురువారం పొద్దున వచ్చాడు. తాత బజారుకు వెళ్ళారు. గుమ్మంలో నేనున్నాను.

"రేకులు కొట్టమన్నాడు ముసలాయన" అన్నాడు నిచ్చెన గోడకు ఆనించి.

"వంటింటి తలుపో? కిటికీయో?"

"అవేవీ చెప్పలేదు."

"అయితే వద్దు. అన్నీ చేస్తే చెయ్యి, లేకపోతే పో. ఒక్కో పనికి ఒక్కోసారి ఇల్లు తెరిచి పెట్టుకుని కూర్చోలేం."

"నాకు వేరే రేవులో పడవల పని ఉంది అన్నా. ఇప్పుడు పోతే మళ్ళీ ఎప్పుడొస్తానో."

"పో" అన్నాను.

అతను నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తాత బజారునుంచి వచ్చి, "వడ్రంగి వచ్చాడా?" అని అడిగారు. "రాలేదు" అన్నాను. మళ్ళీ వెళ్ళి పిలుస్తారు, అప్పుడు నా పనులన్నీ కలిపి చెప్పించవచ్చు అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

సోమవారం పోలీసు స్టేషను మీద తుఫాను ఎర్రజెండా ఎగిరింది. మధ్యాహ్నానికి రెండోది. ఊరంతా కప్పులకు తాళ్ళు కట్టుకుంటోంది. ఏ వడ్రంగీ దొరకడు. తాత పక్కింటి నిచ్చెన తెచ్చి మా గది కిటికీ పక్కన పెట్టారు.

"బాబూ, సిక్లోన్ వస్తోంది. ఎక్కకపోతే పోనీ, నిచ్చెనయినా పట్టుకో."

"నీ ఇల్లు, నువ్వు చూసుకో" అని తలుపు వేసుకున్నాను.

నా భార్య, "వెళ్ళండి, పెద్దాయన" అంది. నేను మంచం మీదనుంచి లేవలేదు. తల మీద సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. మేకుకూ మేకుకూ మధ్య చాలాసేపు పట్టేది. తర్వాత రేకు పొడవునా ఏదో జారిన చప్పుడు. నేను బయటికి వచ్చేసరికి ఆయన కంచె పక్కన పడి ఉన్నారు. కాలు వేరే వైపు తిరిగి ఉంది.

తుఫాను సముద్రంలోనే పక్కకు తిరిగిపోయింది. మాకు వాన మాత్రమే వచ్చింది. ఆ రాత్రి మంచం మీద ఒక్క చుక్క పడలేదు.

జనం అడిగారు, ఆ వయసులో ఎందుకు ఎక్కాడని. "వడ్రంగిని పిలవమని నేను ఎన్నిసార్లు చెప్పానో! పిసినారితనం" అన్నాను. పరుపు చూసినవాళ్ళు కదా, వెంటనే నమ్మారు.

ఆస్పత్రిలో కూతురు ఆయన్ని నిలదీసిన రోజు నేను మంచం కాళ్ళ దగ్గర ఉన్నాను, చేతిలో రెండు నారింజలతో.

"నాన్నా, ఒక వడ్రంగిని పిలిస్తే నీ సొమ్మేం పోయేది?"

"పిలిచానమ్మా. వాడే రాలేదు."

"అబద్ధాలాడకు. ఊరంతా చెబుతోంది. భజన చెప్పే నోరు కదా అది!"

ఆయన నా వైపు చూశారు. "పిలిచానని ఈ అబ్బాయికి తెలుసు, అడుగు" అన్నారు.

ఆమె నన్ను చూసింది. వడ్రంగి సంగతి బయటపడితే ఇల్లు ఖాళీ చేయమంటారని భయం వేసింది. "నాకేం తెలుసక్కా" అన్నాను. నారింజలు అక్కడే పెట్టి వచ్చేశాను.

ఆయన మళ్ళీ నడవలేదు. ఆ చలికాలంలోనే పోయారు.

ఇదంతా జరిగి పన్నెండేళ్ళ పైన అయింది. మా దీవికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది నేను బాన్ అక్యూయ్ వెళ్ళి ఆమెకు చెప్పాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఆకుకూర ఏరుతోంది. చెబుతున్నంతసేపూ ఏరుతూనే ఉంది. చివరికి చెయ్యి ఆగింది.

"అంటే నాన్న నిజమే చెప్పాడు."

"అవునక్కా."

"ఆ మాట తర్వాత నేను ఆయనతో సరిగా మాట్లాడలేదు. పోయేదాకా." ఆకులున్న చేట పక్కకు తోసింది. "నాకు చెప్పి ఏం చేద్దామని వచ్చావు? నేను చెబితే కూతురు కాబట్టి వెనకేసుకొస్తోంది అంటారు. నువ్వు చెప్పిన అబద్ధం, నువ్వే పోయి చెప్పు. అందరికీ."

మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇవ్వాలని నేనూ అనుకోలేదు.

భజన జరిగే చోట రెండు శనివారాలు లేచి నిలబడ్డాను, చెప్పకుండానే మళ్ళీ కూర్చున్నాను. అందుకే ఇలా రాస్తున్నాను. ఆయన వడ్రంగిని పిలిచారు. వడ్రంగి వచ్చాడు. వెనక్కి పంపింది నేను.