స్ట్రోక్ రూతుకే

మా స్క్వాష్ కోచ్ సారు పోయారని సోమవారం పొద్దున రూతు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది: ఆ కబురు నాకంటే ముందు ఆమెకెందుకు తెలియాలి?

పదిహేనేళ్ల వయసులో నేను బుచ్చిరెడ్డిపాలెం నుంచి, రూతు బోగోలు నుంచి నెల్లూరు వచ్చి సారు దగ్గర ఆట నేర్చుకునేవాళ్లం. స్క్వాష్‌లో ఇద్దరూ ఒకే గదిలో, ఒకే గోడకు బంతి కొట్టాలి. ఒకరికొకరు అడ్డం పడక తప్పదు. ఆ సంగతి చెప్పడానికి సారు తన చెప్పులు విడిచి నేలమీద పెట్టి, మధ్యలో నిమ్మకాయ ఉంచేవారు.

"ఈ చెప్పు నువ్వు, ఆ చెప్పు రూతు. కొట్టేసినాక నువ్వు పక్కకి పోవాల. ఆమె బంతి దగ్గరికి నేరుగా రావాల, బ్యాటు పూర్తిగా తిప్పాల. నువ్వు తప్పుకోవాలని చూసినా అడ్డమైనావనుకో, లెట్. మళ్లీ ఆడండి. తప్పుకోవాలనే చూడలేదా, గెలిచే దెబ్బకి అడ్డమైనావా, స్ట్రోక్. పాయింటు ఆమెది. అందని బంతికి అడ్డం అడ్డం అని అరిస్తే మాత్రం ఏమీ రాదు."

పాఠం అయ్యాక ఆ నిమ్మకాయ కడిగి మజ్జిగలో పిండుకునేవారు.

అడ్డం నిలిచే చెప్పు ఎప్పుడూ నేనే. దానికీ కుళ్లుకునేదాన్ని. రూతు బ్యాటుకి పట్టీ సారే చుట్టేవారు. నేను నా బ్యాటు చాపితే "నీకొచ్చు గదా, చుట్టుకో" అనేవారు. ఆమె తినకుండా బస్సెక్కి వస్తుందని ఇడ్లీ తెప్పించేవారు. నా దగ్గర అమ్మ కట్టిన డబ్బా ఉండేది. ఆ డబ్బా మీద కూడా కోపమొచ్చేది.

జిల్లా జట్టు ఎంపికలో చివరి ఆట మా ఇద్దరికీ పడింది. సారే రెఫరీ. ఐదో గేములో రూతుకి ఒక్క పాయింటు చాలు. నేను కొట్టిన బంతి సరిగ్గా మధ్యకి వచ్చింది. రూతు నా వెనకే ఉంది. నాకు తప్పుకోవడానికి చోటుంది. తప్పుకోలేదు. ఎత్తిన బ్యాటు నా చెవి పక్కన జానెడు దూరంలో ఆగిపోయింది.

"లెట్ సార్," అంది రూతు.

సారు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, "స్ట్రోక్ రూతుకి," అన్నారు. ఆట అయిపోయింది.

"మీకు అదంటేనే ఇష్టం!" అని అందరి ముందూ అరిచి వెళ్లిపోయాను.

పది రోజులు నేను రాకపోయేసరికి సారే బస్సెక్కి మా ఇంటికి వచ్చారు.

"లెట్ ఇచ్చుండొచ్చు గదా సార్?"

"తప్పుకోవాలని చూసుంటే ఇచ్చేవాణ్ణే. చూసినావా?"

నేను లేచి ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చాను.

"ఆ పిల్ల చెయ్యి ఆపకపోతే నీ కన్ను పోయుండేది. గెలిచే బంతి నీకోసం వదిలేసింది. పాయింటన్నా ఇయ్యొద్దా దానికి? రేపు ఆరింటికి రా."

వెళ్లాను. నేను కావాలనే నిలబడ్డానని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ మేలు మరిచిపోలేను.

ఈ సోమవారం కబురు తెలిసి నేను సారు ఇంటికి వెళ్లేసరికి ఆయన భార్య రూతు చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఇప్పుడు మేం ఆడిన ఆ స్క్వాష్ కోర్టులో పిల్లలకి నేర్పేది రూతే. నా ఛాతీలో ఆ పాత మంట మళ్లీ లేచింది. దహనం అయి వచ్చాక గేటు దగ్గర రూతును ఆపాను.

"ఆ రోజు కావాలనే అడ్డం నిలబడినాను మే, రూతూ."

"తెలుసులే. నీ భుజాలు బిగుసుకొని ఉండినాయి. అందుకే గదా ఆపినా."

"సారుకి చెప్పలేదా?"

"చెప్తే నిన్ను రానీడేమోనని భయమేసింది. నువ్వు లేకుంటే నేనెవరితో ఆడేది?"

ఇన్నేళ్లూ సారు అభిమానం చూసి కుళ్లుకున్నాను. ఆ క్షణాన ఆమె మనసు చూసి కుళ్లుకున్నాను. ఇది ముందుదానికంటే ఎక్కువ నొప్పి.

బస్టాండు దాకా వెళ్లి బోగోలు బస్సు ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చున్న రూతు బస్సు కదలకముందే కమ్మీకి తల ఆనించి నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుని ఉంది, బుగ్గ మీద కన్నీటి చార ఎండిపోయి ఉంది. చూడదని తెలిసినా, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను.