కోలాటం వద్దు

పోయిన నెల ఒక పొద్దున నా ఫోన్‌కు ఫిలిప్పీన్స్ నుంచి మెసేజ్ వచ్చింది. మా కుయా పెద్ద కూతురు పెట్టింది. ఇంగ్లీషులో ఉంటే నా కోడలు చదివి చెప్పింది. "నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు. బాధ పడలేదు. మిమ్మల్ని తరచూ తలుచుకునేవారు." దాని కింద ఇంకో మాట ఉంది. "మీకు తెలుస్తుందేమో అని అడుగుతున్నాను. మాకు కర్రసాము నేర్పేటప్పుడు మేం సరిగ్గా కొట్టకపోతే నాన్న 'నో కోలాటం' అని అరిచేవారు. అదేం మాటో, ఏ భాషో ఇక్కడ ఎవరికీ తెలియదు."

ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ వెనకాలే ఏడుపూ వచ్చింది. కోడలు కంగారుపడి నీళ్ళు తెచ్చింది.

ఆ మాట ఆయనకు ఇచ్చింది నేనే.

కుయా అంటే వాళ్ళ భాషలో అన్న. తొంభైలు మొదలైన కాలంలో ఒమాన్‌లోని ఇబ్రిలో మా కంపెనీకి ఆయన పెద్ద వడ్రంగి, రంపం మిషన్ ఆయన చేతిలో ఉండేది. నేను జగిత్యాల పక్క నుంచి పోయిన, స్లాబులకు చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ కార్పెంటర్‌ని. ఆయన పొట్టి మనిషి. ఉలితో పెన్సిల్ చెక్కి చెవి మీద పెట్టుకుని, ఆ తర్వాత దాని కోసం షెడ్డంతా వెతికేవాడు. అన్నానికి ఎసరు వేలి కణుపుతో కొలిచేవాడు. అది చూసిన రోజే మా రూమ్ వాళ్ళం ఆయన్ని మనవాళ్ళలో కలిపేసుకున్నాం. మా మాటలు సగం హిందీ, సగం ఇంగ్లీషు, నడుమ అరబ్బీ ముక్కలు. మీకోసం ఇక్కడ ఆయన చేత తెలుగు మాట్లాడిస్తున్నాను. ఆయన ఏమీ అనుకోడు.

శుక్రవారం సెలవు. ఎండ ముదరకముందే వడ్రంగి షెడ్డు వెనక ఆయనా, వాళ్ళ దేశపు ఎలక్ట్రీషియన్ ఒకడూ ఎదురెదురుగా నిలబడి చెరి రెండు పేము కర్రలతో ఆడేవాళ్ళు. కుడిచేతిది పైన, ఎడమచేతిది కింద, మళ్ళీ అటూ ఇటూ మారి, కర్రకు కర్ర టకటకా తాకుతూ జడ అల్లినట్టు ఉండేది. మొదటిసారి చూసినప్పుడు నేను రూమ్‌లోకి ఉరికి, "అరే, రాండ్రి! గీడ కోలాటం ఆడుతుండ్రు!" అని అందరినీ లేపాను.

మా ఊరి భజన మండలిలో కోలాటానికి నేనే ముందుండేవాణ్ణి. ఊరుకుంటానా? పోయి కర్రలు అడిగాను. కుయా కనుబొమలు ఎగరేశాడు. వాళ్ళలో సరే అనడం అలాగే. కాసేపటికే ఆ అల్లిక నాకు పట్టుబడింది. మా వాళ్ళు ఈలలు వేశారు. "మనోడు గప్పుడే ఫిలిప్పీనోడైండు పో!" అన్నాడు మా నిజామాబాద్ అన్న.

కుయా మాత్రం మెచ్చుకోలేదు. ఆట మధ్యలో తన కర్రలు రెండూ హఠాత్తుగా దించేశాడు. నా కర్ర ఆయన ఛాతీకి జానెడు దూరంలో గాలిలో ఆగిపోయింది.

"చూశావా? నువ్వు నా కర్రను కొడుతున్నావు. కర్ర నిన్నేం చేసింది? నన్ను కొట్టు. అడ్డం తెచ్చుకోవడం నా పని."

"మనిషిని ఎట్ల గొడుతరు కుయా? మా కోలాటంల అట్ల జేస్తే ఊరోళ్ళు నన్ను గుంజకు కడుతరు."

నిజంగానే నాకది మింగుడు పడలేదు. మా ఆటలో ఎదుటివాడి వేలికి గీత పడకుండా కోలకు కోల తాకించడమే మర్యాద. ఆయనకు అదే అమర్యాద. "నువ్వు తగలని దెబ్బ కొడితే, నా చెయ్యి అబద్ధం నేర్చుకుంటుంది" అనేవాడు. అలాగని కోపంతో బాదమనడు. "శ్వయ్యా శ్వయ్యా" అనేవాడు, అరబ్బీలో మెల్లమెల్లగా అని. ఎదుటివాడు ఎంత తట్టుకోగలడో అంత మెల్లగా కొట్టు, కానీ అడ్డం లేకపోతే తగిలేటట్టు కొట్టు. ఆ రోజు నుంచి నా కర్ర కాస్త వెనకాడిందంటే చాలు, "నో కోలాటం!" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచేవాడు.

అడుగులు వేరే నేర్పాడు. ప్లైవుడ్ పలక మీద నీలం పొడి అద్దిన దారం లాగి కొట్టి ఒక త్రికోణం గీశాడు. దెబ్బ వస్తుంటే పామును చూసినట్టు వెనక్కి గెంతడం నా అలవాటు. "వెనక్కి పోతే దెబ్బ నీ వెంటే వస్తుంది. మూలకు జరుగు" అనేవాడు. ఆ పలక మీద నా చెప్పుల ముద్రలు పడి గీతలు చెరిగిపోతే మళ్ళీ దారం కొట్టేవాడు. నా వేళ్ళు వాచి వారమంతా సుత్తి పట్టుకోవడం కష్టమయ్యేది. అయినా శుక్రవారం కోసం ఎదురుచూసేవాణ్ణి. నాకు తోడబుట్టిన అన్న లేడు. ఆ లోటు ఇబ్రిలో తీరింది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక రంజాన్ నెలలో నా కర్ర ఆయన ఎడమ భుజానికి తగిలింది. నవ్వి, "బాగుంది" అన్నాడు. మరుసటి వారం మళ్ళీ అక్కడే తగిలింది. తర్వాత గమనించాను. ఎడమ వైపు నుంచి ఎవరైనా పిలిస్తే మెడ మొత్తం తిప్పుతున్నాడు. ఎడమ పక్కన పెట్టుకున్న చాయ్ కోసం తడుముతున్నాడు. ఆ కన్ను పోతోందని నాకు అర్థమైంది. రంపం మిషన్‌లోకి చెక్కను నెట్టేది ఆయన ఎడమ చెయ్యే.

చెబితే కంపెనీ ఇంటికి పంపేస్తుంది. ముగ్గురు ఆడపిల్లలు చదువుతున్నారు, పెద్దది నర్సింగ్‌లో ఉంది. చెప్పకపోతే చెయ్యి పోతుంది. నేనెవరితోనూ అనలేదు. శుక్రవారాల్లో మాత్రం ఎడమ వైపు దెబ్బను జానెడు ముందే ఆపేస్తూ వచ్చాను.

ఒక రోజు ఆయన కర్రలు దించాడు. ఈసారి అరవలేదు.

"కోలాటం ఆడుతున్నావు."

నేనూ కర్రలు దించాను.

"నీకు తెలుసన్నమాట. ఇంకొక్క సంవత్సరం ఉండనీ. పెద్దదాని చదువు అయిపోతుంది."

"కుయా, నేను ఆపుతున్న గన్క నీకు తగుల్త లేదు. రంపం ఆగుతదా?"

ఆయన ఆ ప్లైవుడ్ పలక మీద కూర్చుని తువ్వాలుతో కర్రలు తుడుస్తూ ఉండిపోయాడు. నేను రూమ్‌కు వచ్చేశాను. మర్నాడు రంపం దగ్గర వేరే మనిషి ఉన్నాడు. తనే పోయి ఇంజనీర్‌కు చెప్పుకున్నాడట. మస్కట్‌లో డాక్టర్ చూసి, పోయిన చూపు రాదన్నాడు. వీసా అయిపోయేదాకా సామాన్ల స్టోర్‌లో కూర్చోబెట్టారు. సుత్తి కోసం పోతే కిటికీలోంచి ఇచ్చి తల తిప్పుకునేవాడు. శుక్రవారం షెడ్డు వెనక్కి రావడం మానేశాడు. అన్నను నేనే పోగొట్టుకున్నానని తిండి సహించేది కాదు.

తన ఊరికి పోయే ముందటి శుక్రవారం ఆయన మా రూమ్ తలుపు తట్టాడు. చేతిలో కర్రలు ఉన్నాయి.

"రా. ఎడమ వైపు కొట్టు. నిజంగా."

కొట్టాను, ఆపకుండా. ఆయన కుడి పాదం త్రికోణం మూలకు జారింది, ఒళ్ళంతా ఎడమకు తిరిగింది, మంచి కన్ను సరిగ్గా నా కర్రకు ఎదురుగా వచ్చింది. ఠప్పున పట్టాడు. రాపిడికి పేము కాలిన వాసన వచ్చింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ పట్టాడు. "స్టోర్‌లో ఏం పని ఉంటుంది? పొద్దంతా పాదాలతోనే ఆడుకున్నా" అంటూ పగలబడి నవ్వాడు. "కన్ను చూడకపోతే పాదం చూస్తుంది." అని, ఆ కర్రల జత నా చేతిలో పెట్టి, నా తల తన తలకు ఆనించుకుని కాసేపు వదల్లేదు.

ఆ పెద్దపిల్ల చదువు ఎలాగో గట్టెక్కింది. మెసేజ్ పెట్టిన ఆ అమ్మాయి ఇప్పుడు నర్సు. ఆయన రెండు చేతులూ చివరిదాకా ఆయనకే ఉన్నాయి, వాళ్ళ వీధి పిల్లలకు కర్ర పట్టడం నేర్పుతూ.

కోడలి చేత జవాబు రాయించాను. "కోలాటం మా ఊరి ఆట. కర్రకు కర్ర తాకిస్తాం, మనిషికి తగలనివ్వం. ఇక్కడ అది తప్పు కాదమ్మా."

"ఇంకేమన్న రాయాల్నా మామయ్యా?" అంది కోడలు. చాలన్నాను.

తర్వాత అటక మీంచి ఆ కర్రలు దించి, దుమ్ము తుడిచి వాకిట్లోకి వచ్చాను. ఎదురుగా ఆయన నిలబడే ఎత్తు చూసుకుని, ఎడమ భుజం మీదికి కొట్టాను. ఈసారి జానెడు ముందు ఆపలేదు. కర్ర గాలిలోంచి చివరిదాకా పోయింది.

నా దెబ్బ అయిపోయింది. ఇక ఆయన వంతు. రెండో కర్ర అడ్డం పెట్టుకుని అలాగే నిలబడ్డాను.