ప్రాసర్ గారి లేని తలుపు

ఆబ్రీ ప్రాసర్ గారికి ఒక్కటే పిచ్చి. వేల్స్ పొలిమేరలోని మా ఊళ్ళో, ఆయన మేతపొలం మధ్య, ఎప్పుడో దండెత్తి వచ్చిన నార్మన్లు కోట కోసం పోసిన మట్టిదిబ్బ ఉంది. దాని మీది కొయ్యకోట చివికిపోయి వందల ఏళ్ళయిందంటే ఆయన ఒప్పుకోడు. పూడిపోయిన కందకం దగ్గర, ఒకప్పుడు తలుపు ఉండేదని తానే తేల్చిన చోట నిలబడి, వచ్చినవాళ్ళనల్లా ఆపుతాడు. గొర్రెలు కూడా అటునుంచే వెళ్ళాలి.

ఏటా మే నెలలో, పొలాలను దీవించే ఆదివారం, ఊరంతా పాస్టరు గారి వెంట దిబ్బ ఎక్కుతుంది. ఆ రోజు ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాదు.

"ఎవరు మీరు?"

"పొద్దున చర్చిలో మీ చేత పాట పాడించింది నేనే కదండీ," అన్నారు పాస్టరు గారు.

"శత్రువులూ అలాగే అంటారు. ఆయుధాలున్నాయా?"

"గొడుగుంది."

"విప్పి చూపించండి."

పాస్టరు గారు గొడుగు విప్పి మూశారు. రొట్టెల దుకాణం హోవెల్స్, తన కేకులో విషం లేదని ఒక ముక్క తిని చూపించాడు. ఆబ్రీకి నమ్మకం కుదరక తాను రెండు తిన్నాడు.

అందరికంటే వెనక చేతికర్రతో మ్యూరియల్ వాట్కిన్ వస్తుంది. మోకాళ్ళు మొరాయిస్తున్నా, ఎవరి సాయమూ లేకుండా అందరితోపాటు పైకి చేరాలని ఆమె పంతం. చెయ్యందిస్తే కర్ర ఎత్తుతుంది. ఆమె కందకం దగ్గరికి వచ్చి నిలదొక్కుకునేసరికి ఆబ్రీ తనిఖీ ముగించి, "సరే, పదండి," అనేవాడు. ఆమెను మాత్రం ఏమీ అడిగేవాడు కాదు.

"నన్ను శత్రువు కింద కూడా లెక్కెయ్యడా వీడు?" అని మ్యూరియల్ ఊరంతా చెప్పుకుని మండిపడేది.

పోయినేడు జ్వరం వచ్చి, మొదటిసారి ఇంట్లో ఉండిపోయింది. కిటికీలోంచి దిబ్బ కనిపిస్తుంది. జనం కందకం దగ్గరికి వచ్చారు. ఆబ్రీ టోపీ తీసి పక్కకు తప్పుకున్నాడు. ఒక్కరినీ ఆపలేదు. కాసేపట్లో అందరూ పైన ఉన్నారు.

మ్యూరియల్ చేతిలో టీ చల్లారిపోయింది. ముందు కోపం వచ్చింది. తర్వాత ఒక్కతే కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది.

ఈ ఏడు తనిఖీ మామూలుగానే సాగింది. "సరే, పదండి," అన్నాడు ఆబ్రీ. జనం కదిలారు, మ్యూరియల్ కదల్లేదు.

"నన్నడగవా?"

"నిన్నెందుకు?"

"అడుగు."

"ఏం పని మీద వచ్చావు?"

"ఊపిరి తీసుకోవడానికి. ఇన్నేళ్ళూ అందుకేగా నువ్వు వాళ్ళని ఆపింది?"

ఆబ్రీ చెవులు ఎర్రబడ్డాయి. "ఆయుధాలున్నాయా?" అన్నాడు.

మ్యూరియల్ కర్ర ఆయన చేతిలో పెట్టింది. "ఇదిగో. ఆయుధం తీసేసుకున్నావుగా, ఇక చెయ్యి నువ్వే ఇవ్వాలి."

వాళ్ళిద్దరూ మెల్లగా ఎక్కి వచ్చేదాకా, పైన పాస్టరు గారు దీవెన మొదలుపెట్టకుండా గొడుగు విప్పుతూ, మూస్తూ నిలబడ్డారు.